పులుసులో బొగ్గుముక్క

భవానీపురం దాటాక కృష్ణ ఒడ్డున దొరల కాలం నాటి బంగళా ఒకటుంది. దానికి రంగులేసి, ఏసీలు బిగించి, దయ్యాల హోటల్ చేశారు. మిట్టమధ్యాహ్నం దయ్యం కనబడాలి కాబట్టి కిటికీలన్నిటికీ నల్లతెరలు.

మా అమ్మకు ఎనభై ఏళ్లు. పోయిన ఎండాకాలం ఆ బంగళా చూస్తానంటే తీసుకెళ్లాను. వాళ్లమ్మ, అంటే మా అమ్మమ్మ, అది కాలవల శాఖ వాళ్ల విడిదిగా ఉన్న రోజుల్లో ఇరవై ఏళ్లు అక్కడే వంట చేసింది. ఆవిడ కొరమీను పులుసు కోసం కాలవల ఇంజనీర్లు లేని గండ్లు పుట్టించి మరీ తనిఖీకి వచ్చేవారట.

మెనూ కార్డు వీధి తలుపంత ఉంది. ఈ బంగళా వంటమనిషి చేతబడి చేసేదట. పులుసులో బొగ్గు వేసి దొరను చంపి, ఇదే వంటింట్లో ఉరేసుకుందట. కింద ఆ పులుసు ధర. తెప్పించాను. టమాటా సాసు, మీగడ, నడుమ కోడిగుడ్డంత బొగ్గు.

నాకు ఒళ్లు మండింది. బయట రోహిణీకార్తె ఎండ నన్ను చూసి సిగ్గుపడి ఉంటుంది. అమ్మమ్మ చేరేనాటికి దొరలు ఓడెక్కేశారు. ఇక బొగ్గంటారా, చేపల వాసనకు దయ్యాలు వెంటపడతాయని, మిగిలిన కూర ఇంటికి తెచ్చేటప్పుడు గిన్నె మూత మీద పెట్టుకునేది. గాలికి తలుపు కొట్టుకుంటేనే మంచం కింద దూరే మనిషి. ఆవిడను పట్టుకుని దయ్యాన్ని చేశారు.

మేనేజరును పిలిచి ఇదంతా చెప్పాను. నా గొంతు మంగళగిరి కొండకు తగిలి వెనక్కి వచ్చింది. అతను నవ్వుతూనే విన్నాడు.

"కథే కదండీ. కస్టమర్లు ఎంజాయ్ చేస్తున్నారు. మేడంగారితో ఓ వీడియో తీసుకుందామా, దయ్యంగారి అమ్మాయి అని?"

అమ్మ పళ్లెం పక్కకు జరిపింది.

"మా అమ్మ ఉరేసుకోలేదు నాయనా. టైఫాయిడొచ్చి పెద్దాసుపత్రిలో పోయింది. తల నా ఒళ్లోనే ఉంది. ఆ ఉరి ముక్క తీసెయ్యి, చాలు."

తీస్తానన్నాడు. నెల తరవాత వెళ్లి చూస్తే తీసింది బొగ్గు ఒక్కటే. ఎవరిదో పన్ను విరిగిందట. ఉరి అలాగే ఉంది. ఇంట్లో అమ్మ రోజూ అడుగుతోంది, తీసేశారా అని.

అందుకే ఆదివారం ఆదివారం వెళుతున్నాను. ఒక్క కాఫీ చెప్పి, బల్లబల్లకూ తిరిగి, మా అమ్మమ్మ ఏ జబ్బుతో పోయిందో చెబుతున్నాను. పోయిన వారం ఒకాయన చెంచా దించి, అసలు పులుసు ఎలా చేసేవారండీ అని అడిగాడు. ముందు ఆ కార్డు చించండి, అప్పుడు చెబుతాను అన్నాను. ఆయన మేనేజరు వైపు చూశాడు. ఆయన భార్య చించింది.