మా అమ్మాయి పాడిన సాయంత్రం

మా అమ్మాయి పాటలో తప్పులు పట్టేది ఇంట్లో నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను బాగుందంటేనే దానికి నమ్మకం, ఎందుకంటే బాగాలేకపోతే ఆ ముక్క కూడా మొహం మీదే చెబుతాను. దేశదేశాల పిల్లలు పాడే టీవీ పోటీకి ఎంపికై విమానం ఎక్కేముందు కూడా, "అమ్మా, రెండో చరణం జాగ్రత్తగా విను. ఎలా ఉందో నువ్వే చెప్పాలి," అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. పిల్లతో ఒక్కరే రావాలన్నారు. మావారు వెళ్ళారు. నేను ఇబ్రహీంపట్నంలో టీవీ ముందు మిగిలాను.

ఒంటరిగా మిగిలినా బాగుండేది. పోటీ లైవ్‌లో వచ్చే ఆదివారం మధ్యాహ్నానికే చల్లపల్లి నుంచి మా ఆడపడుచు, ఆవిడ భర్త దిగారు. పాట మధ్యలో కరెంటు పోతుందేమోనని కారు డిక్కీలో ఇన్వర్టర్ వేసుకొచ్చారు! థర్మల్ కేంద్రంలో కరెంటు తయారయ్యే మా ఊరికి కరెంటు మోసుకొచ్చిన మనుషులతో ఏం మాట్లాడతాం? పై ఫ్లాటావిడ పకోడీల పిండి కలుపుకొచ్చి నా పొయ్యి మీదే బాండీ పెట్టారు. అంతా ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి కాఫీలు అందించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం మా పిల్ల తెరమీద కనబడగానే ఇల్లు పీకి పందిరేశారు. ఆడపడుచు భర్త ఫోన్‌లో వీడియో తీస్తూ సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడ్డారు.

"అదిగో, నేను కొన్న మంగళగిరి లంగానే!" అని మా ఆడపడుచు కేక పెట్టింది. "ఆ కెమెరావాడు ఎంతసేపూ మొహమే చూపిస్తాడేంటి? అంచు చూపించడేం?"

"వదినగారూ, పాట వినండి," అన్నాను.

"వింటున్నాం కదమ్మా! ఎంత బాగా పాడుతోందో!"

"ఒక్క నిమిషం మాట్లాడకండి, మీకు పుణ్యముంటుంది!" అని ఈసారి గట్టిగానే అరిచాను. పై ఫ్లాటావిడ "ఉష్, పాపం ఆవిణ్ణి విననివ్వండి" అని అందర్నీ గదమాయించారు. ఆడపడుచు భర్త అన్నయ్యగారు "ఉష్" అని ఆవిణ్ణి గదమాయించారు. ఒకళ్ళనొకళ్ళు ఉష్ష్ అనుకుంటూ ఉండగానే పాట అయిపోయింది.

ఫలితాలకి ముందు విరామంలో అమ్మాయి ఫోన్ చేసింది. నా ఫోనే, కానీ నాదాకా రానిస్తేగా!

"అదరగొట్టావే బంగారం!" అంది వాళ్ళత్త. "రెండో చరణమా? అదేనే హైలైటు!"

చేతులన్నీ తిరిగి ఫోన్ చివరికి నాకు చేరింది.

"అమ్మా," అంది అమ్మాయి చిన్నగా. "రెండో చరణంలో మాటలు మర్చిపోయాను. ఊరికే కూనిరాగం తీస్తూ నిలబడ్డాను. అత్త అదే హైలైటంటోందేంటి? నేను ఏడుస్తానని దాస్తున్నారా? నువ్వు చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమందిమి ఉండి ఒక్కరమూ వినలేదు. ఫోన్ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

"నన్ను విననివ్వలేదే, తల్లీ. ఇప్పుడు పాడు. అక్కడ ఎలా పాడావో అలాగే, మర్చిపోయిన చోటుతో సహా."

అమ్మాయి మెల్లగా పల్లవి ఎత్తుకుంది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి ఎవరో తలుపు దబదబా బాదారు.

"అమ్మాయి లైన్లోనే ఉందా? స్పీకర్ పెట్టమ్మా, మేమూ వింటాం!"

ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, రెండో చెవి వేలితో మూసుకుని, పాట అయిపోయేదాకా విన్నాను.

"మాటలు మర్చిపోవడం తప్పే," అన్నాను. "ఎన్నిసార్లు చెప్పాను, చరణం రోజూ చదువుకోమని? శ్రుతి మాత్రం వదల్లేదు."

"హమ్మయ్య," అంది మా అమ్మాయి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడుస్తూ.