మావాళ్ళ గురించి రాయమన్నప్పుడు

రాజమండ్రి ట్రైనింగు స్కూల్లో చేరిన ఏడాది మా తెలుగు మాస్టారు ఒక వ్యాసం రాయమన్నారు. ఎవరి వంశం గురించి, ఎవరి కులంవారి గురించి వారే రాయాలి. దసరా సెలవులయ్యాక తెచ్చి చూపించాలి.

నాతో చదివేవాళ్ళు ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకున్నారు. ఒకాయన ముత్తాత ఏదో సంస్థానంలో పండితుడు. ఇంకొకాయన తాతలకి అగ్రహారం ఉండేది. నేను మొగల్తూరు దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాను. మాలో నాకు ముందు అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. "పవిత్ర గౌతమీ తీరమందు" అని మొదలుపెట్టి, తరవాత మాట తోచక కొట్టేశాను. మూడో రోజున సిగ్గు విడిచి, మా ముత్తాత పెద్ద ఓడలో బర్మాకి బియ్యం తీసుకెళ్ళేవాడని రాశాను. మళ్ళీ చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. చింపేశాను.

సెలవులకి కాలువ పడవలో నరసాపురం వెళ్ళి, అక్కణ్ణించి నడిచి ఇల్లు చేరాను. మా మామ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. వ్యాసం సంగతి చెప్పి, మనలో గొప్పవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, ఆలోచించి, ఎవరూ లేరంది. ఇంకో చేప ఏరి పక్కనేసి, "నా పెళ్ళి నడి గోదాట్లో అయ్యింది. అది రాస్తే ఒప్పుకోరేంట్రా మీ మాస్టారు?" అంది.

మామ్మ పుట్టిల్లు గోదావరికి అవతల. పెళ్ళి వేసవిలో. మగపెళ్ళివారు రెండు పడవల్లో బయల్దేరితే గాలి అడ్డం తిరిగింది. పాటుకి నీళ్ళు సముద్రంలోకి తీసేసి, పడవలు ఇసుకమేటలో కూరుకుపోయాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆగితే ముహూర్తం దాటిపోతుంది. ఒడ్డునించి అది చూసి, పెళ్ళికొడుకు రాలేకపోతే పిల్లనే తీసుకెళ్దామని మామ్మ తండ్రి తేలికపాటి దోనెలు సిద్ధం చేయించాడు. పురోహితుడికి నీళ్ళంటే భయం. దారిపొడుగునా దోనె అంచు వదలకుండా కళ్ళు మూసుకునే ఉన్నాడట. మేట మీద తెడ్లు పాతి, వాటి మీద తెరచాప పరిస్తే అదే పందిరి అయింది. పక్క లంకలో దోసతోట వేసిన రైతులు సందడి విని కావిళ్ళతో దోసపళ్ళు మోసుకొచ్చారు. మంత్రాలు సాగుతుండగా పోటు ఎక్కడం మొదలుపెట్టింది.

"మీ తాత మూడో ముడి వేస్తుంటే నా కింద పీట తేలిపోయిందిరా," అని మామ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు రాయడానికి కూర్చుంటే ఇంకో చిక్కు. "పీఠము జలమున తేలియాడెను" అని రాసి వినిపిస్తే, అది తన పెళ్ళిలా లేదంది మామ్మ. చివరికి ఆవిడ చెప్పినది చెప్పినట్టే రాశాను.

మాస్టారు దాన్ని దిద్ది, వరసవరసకీ 'గ్రామ్యము' అని రాసి ఎర్రసిరాతో గీతలు పెట్టారు. అయితే మర్నాడు క్లాసులో ఆ దిద్దుబాట్లన్నీ వదిలేసి, నేను రాసినది రాసినట్టే పైకి చదివారు. పీట దగ్గరికి వచ్చేసరికి నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పులు దిద్దుకో. సంగతి మాత్రం ముట్టుకోకు," అన్నారు.

అగ్రహారం ఆయన మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, వాళ్ళ మామ్మ పెళ్ళి ఎలా అయిందో తనకి తెలియదనీ, కనుక్కోమని ఇంటికి ఉత్తరం రాస్తున్నాననీ చెప్పాడు.