కందుల మనిషికి బెల్టు కట్టిన రోజు

ముందుగా రూఢి అయినదాన్నీ వినికిడినీ వేరు చేద్దాం. తాండూరు శివార్లలోని ఒక నాపరాయి పాలిషింగ్ యూనిట్ ఆవరణలో, మానవ ప్రాణరక్షణ కోసం నేను తలపెట్టిన ప్రయోగం మానవులను సీటుబెల్టుకు శాశ్వతంగా దూరం చేయబోయిందన్నది రూఢి. మృతదేహాన్ని మేకలు తిన్నాయన్నదీ రూఢే, కంగారుపడకండి, వివరిస్తాను. ఆ చప్పుడు కరణ్‌కోట దాకా వినిపించిందన్నది వినికిడి. నేను నిజం కారునే బండకేసి కొట్టించానని నవాబుపేటలో చెప్పుకుంటున్నది మాత్రం పచ్చి అబద్ధం. కారు ఇచ్చేవారు దొరకలేదు.

అప్పటికి నేను వికారాబాద్‌లో భౌతికశాస్త్రం చెప్పే కొత్త లెక్చరర్ని. ఎవరైనా 'ఎండ మండిపోతోంది' అంటే 'ఏ థర్మామీటరు ప్రకారం?' అని అడిగేంత కొత్త. మా బావ నర్సింలు కరణ్‌కోట నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. ఆయన దృష్టిలో సీటుబెల్టు తువ్వాలు ఆరేసుకోవడానికి కంపెనీవాళ్లు దయతో అమర్చిన దండెం. ఆయన అనంతగిరి ఘాటు దిగే వేళకు మా అక్క ఇంట్లో కూర్చుని తన కాలితో నేలను తొక్కిపట్టేది, బ్రేకు అక్కడే ఉన్నట్టు.

"బావా, బెల్టు పానం కాపాడ్తది" అన్నాను ఒకనాడు.

"ఎవలు జూసిన్రు మరదలా? అందరిని రుజువేది రుజువేది అని సతాయిస్తవ్ గద. గిప్పుడు నేనంటున్న: రుజువేది?"

నా ఆయుధంతో నన్నే కొట్టాడు. పౌరుషం పొంగుకొచ్చింది.

"చూపిస్తె పెట్టుకుంటవా?"

"నేనొక్కన్నే గాదు, మా అడ్డా మీది డ్రైవర్లందరితోని పెట్టిపిస్త. చూపియ్యకపోతె మాత్రం, మీ అక్క ఇగ బెల్టు మాట ఎత్తొద్దు."

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "చెల్లె, జర మంచిగ జెయ్యే. నువ్వు ఓడితె ఇగ నాకు నోరుండది."

పెద్ద కార్ల కంపెనీలు, పరిశోధనశాలలు చేతులు కలిపి క్రాష్ టెస్టులు చేస్తాయి. మేమూ పరిశ్రమల సహకారానికి లోటు రానివ్వలేదు. పాత కార్లు విప్పి అమ్మే ఖాజా భాయ్ రెండు సీట్లూ ఒక బెల్టూ ఇచ్చాడు. పాలిషింగ్ యూనిట్ యజమాని రాళ్లు మోసే ట్రాలీనీ, అది దొర్లడానికి ఏటవాలు దారినీ, ఢీకొట్టడానికి నాపరాళ్ల దొంతరనూ సమకూర్చాడు. తాడు డ్రైవర్లది. ప్రయాణికులు మాత్రం బావ చేనులో పండినవారే: గోనెసంచుల నిండా కందులు. రెండు సంచులూ అచ్చంగా మనిషి బరువు తూగేదాకా పిడికెడు తీసి, పిడికెడు పోసి, కాంటా మోసినవాణ్ని ఏడిపించాను. ఆపైన వాటికి బావ పాత చొక్కాలు తొడిగాను.

"వీనికి నా అంగీ ఎందుకే?"

"నిజం మనిషి లెక్క కనవడాలె బావా."

"గట్లయితె నోట్ల బీడీ గూడ వెట్టు!"

ఒక బస్తాకు బెల్టు బిగించాను. రెండోదాన్ని దాని ఖర్మకు వదిలేశాను. సైగ చేశాను. డ్రైవర్లు తాడు వదిలారు. ట్రాలీ దడదడలాడుతూ దిగి రాళ్లను ఢీకొంది.

బెల్టు లేని బస్తా గాల్లోకి లేచి, దొంతర దాటి, తడి రాతిపొడి గుట్ట మీద మెత్తగా దిగింది. ఒక్క కుట్టు ఊడలేదు. పెళ్లిబంతిలో అప్పడం కోసం ఎదురుచూసే పెద్దమనిషిలా కూర్చుంది. బెల్టు కట్టిన బస్తా నడుము దగ్గర బర్రున చిరిగి, కందులు వరదలా కారిపోయాయి.

"చూసిన్రా!" బావ ఎగిరి గంతేశాడు. "బెల్టు పెట్టుకున్నోడు సచ్చిండు. పెట్టుకోనోడు మస్తుగ గూసున్నడు!"

డ్రైవర్లు ఈలలు వేశారు. అక్క ముఖం వాడిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. పిడికెడు గింజల తేడాను సహించని నేను, కందులకు ఎముకలుండవన్న సంగతి మరిచాను! అసలైన క్రాష్ టెస్టు బొమ్మలకు ఉక్కు పక్కటెముకలుంటాయని తరగతిలో చెప్పిందీ నేనే.

"ఆగు బావా! బెల్టు ఎముకల మీద ఆనుతది. గా బస్తాకు ఎముకల్లేవ్!"

"ముందుగాల చెప్తే నాలుగు మటన్ బొక్కలేసి కుడుతుంటిమి గద!"

ఇక మాటలతో లాభం లేదనుకున్నాను. ట్రాలీని తిరిగి పైకి లాగించి, తాడు డ్రైవర్ల చేత పట్టించి, నేనే సీట్లో కూర్చుని బెల్టు బిగించుకున్నాను. "చూడున్రి, ఇక్కడ భుజం ఎముక, ఇక్కడ తుంటి ఎముక..." అని పాఠం మొదలుపెట్టాను. అంతలో అక్క కేక పెట్టింది.

"ఓ అయ్యో, మేకలొచ్చినయ్! కందులన్ని బుక్కుతున్నయ్!"

పాఠకులు ఒక్క విషయం గ్రహించాలి. తాడు పట్టుకున్నవాళ్లు డ్రైవర్లే అయినా, అందరూ కంది పండించే ఇళ్లవాళ్లు. కళ్లముందు కందులు మేకల పాలవుతుంటే భౌతికశాస్త్రాన్ని పట్టుకుని నిలబడే గుండె మా వైపు ఎవరికీ లేదు. "హై! హై!" అంటూ అందరూ పరుగెత్తారు. తాడు కూడా వదిలే పరుగెత్తారు.

ట్రాలీ నా అనుమతి అడగలేదు.

ఢీకొన్నప్పుడు భుజం మీద ఎవరో కర్రతో కొట్టినట్టయింది. ఒక చెప్పు, కళ్లద్దాలు, మిగిలిన పాఠం ముందుకు ఎగిరిపోయాయి. నేను మాత్రం సీట్లోనే ఉన్నాను.

"మరదలా! ఉన్నవా?" బావ రొప్పుతూ వచ్చాడు.

"ఉన్న బావా. భుజం మండుతున్నది."

"మండనీ తియ్! మండుతున్నదంటె ఉన్నట్టే. అద్దాలేవి నీయి?"

వెతగ్గా అవి గుట్టకు అవతల గోడ కింద దొరికాయి. బావ ఆ వంగిన ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. 

ఆ సాయంత్రం మమ్మల్ని వికారాబాద్‌లో దింపడానికి లారీ ఎక్కాడు. తువ్వాలు తీసి పక్కన పడేశాడు. బెల్టు లాగి టక్కున బిగించాడు. అక్క నవ్వు కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది. నేను ఊరుకోవచ్చు కదా?

"అంటె బావా, ఒక్క ప్రయోగంతోని ఏదీ రుజువైనట్టు కాదు..."

అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"నీ సైన్సును నేను నమ్మలే మరదలా," అన్నాడు బావ గేరు వేస్తూ. "నీ అద్దాలకు బెల్టు లేకుండె. గంతే."

అడ్డా మీది డ్రైవర్లూ మాట తప్పలేదు. నేనే వెళ్లి, క్యాబిన్లలోకి తొంగి చూసి మరీ చెబుతున్నాను.

కనుక సకల మానవాళి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎముకలు లేనివారికి ఇకపై బెల్టు కట్టను. కంది రైతుల చేతిలో తాడు పెట్టి దాని రెండో చివర కూర్చోను.

ఒక్క ప్రశ్న మాత్రం తేలలేదు. బెల్టు లేకుంటే నేనూ ఆ రెండో బస్తాలాగే మెత్తగా దిగేదాన్నా, కళ్లద్దాలలాగా గోడ దాకా పోయేదాన్నా? తేలాలంటే బెల్టు లేకుండా నేను మళ్లీ ఆ ట్రాలీ ఎక్కాలి. ఎక్కితే కాళ్లు విరగ్గొడతానంది అక్క. ఆ మాటకు మాత్రం నేను రుజువు అడగలేదు.