బ్యాటరీ తీస్తే ఆగిపోయే ఊపు

నడికుడి స్టేషన్‌లో పాప ఏడుపు ఆపడం లేదు. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అయినా పక్కనే ఉన్న అత్తయ్య చేతికి కూడా పాపను ఇవ్వడానికి భయం.

ఎదుటి బెంచీ మీది ముసలి మెకానిక్ సంచిలోంచి రాగితీగ చుట్ట తీసి బ్యాటరీ తగిలించాడు. పక్కన పట్టుకున్న బల్బు, తీగ తగలకుండానే వెలిగింది. పాప ఏడుపు ఆపి చూసింది.

“కరెంటు ఇందులో ఉయ్యాల ఊగినట్టు ఊగిద్దమ్మా. ఒకసారి ఊపితే దానంతటదే ఊగుతా ఉంటదని పదేళ్లు ఈ తీగలే చుట్టా. మా ఆవిడ తిట్టని తిట్టు లేదు.”

నవ్వుతూ బ్యాటరీ తీసేశాడు. బల్బు ఆరిపోయింది.

“ఎంతో కొంత అందకపోతే ఏదైనా ఇంతే. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?”

పాపను అత్తయ్యకు అందించాను.

“ఇప్పటికన్నా ఇచ్చావే” అంది అత్తయ్య.

రైలొచ్చాక ఆవిడే లేపింది. ఎదుటి బెంచీ ఖాళీగా ఉంది.