అడ్డ కడ్డీ మీద బొట్టు

మా ఎదురింటి దయాకర్‌కి కొత్త వస్తువు కొనుక్కోవాలంటే మహా మొహమాటం. ఆశ లేక కాదు. ఆశ మా వీధి మొత్తానికి సరిపడా ఉంది. కానీ "కొన్న" అనే మాట అతని నోటికి రాదు. "బాగు చేయించిన" అంటాడు. వాళ్ళ హాల్లో సోఫాకి ఒక ఏడు బట్ట మార్చాడు, మరో ఏడు స్పంజి మార్చాడు, ఆ తర్వాత చెక్క కూడా మార్చాడు. అది కొత్త సోఫా అని చూసినవాళ్ళందరికీ తెలుసు, అతనికి తప్ప. వాళ్ళావిడ ఉమ నవ్వి ఊరుకుంటుంది. సోఫాయే కదా అని నేనూ నవ్వి ఊరుకున్నాను. సైకిల్ సంగతి తెలిశాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

దయాకర్ నాచారం దగ్గర ఒక ప్రభుత్వ పరిశోధనశాల వర్క్‌షాపులో టెక్నీషియన్. ఉప్పల్ నుంచి డ్యూటీకి సైకిల్ మీదే వెళ్తాడు. ఆ సైకిల్ వాళ్ళ నాన్న పోశయ్యది. పోశయ్య జనగామ దిక్కు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరినప్పుడు కొన్నాడట. నల్ల రంగు, బంగారు గీతలు, ముందర ఇత్తడి బిళ్ళ, వెనక క్యారియర్. పెద్దబిడ్డ రాములమ్మ చిన్నగా ఉన్నప్పుడు సీటుకీ హ్యాండిల్‌కీ మధ్యనున్న అడ్డ కడ్డీ మీద చిన్న చెక్కసీటు పెట్టి, ఇనప పట్టీతో గట్టిగా బిగించాడు. ఎంత గట్టిగా అంటే కడ్డీ మీద సొట్ట పడింది. పిల్ల పెద్దదై సీటు తీసేసినా సొట్ట పోలేదు. దసరాకి సైకిల్ కడిగి బొట్లు పెట్టేటప్పుడు అందరూ హ్యాండిల్‌తో మొదలుపెడతారు. పోశయ్య మాత్రం మొదటి బొట్టు ఆ సొట్టలో పెట్టేవాడు. "బిడ్డ కూసున్న జాగ" అనేవాడట. బిడ్డకి పెళ్ళై చెంగిచెర్ల వెళ్ళిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు.

పోశయ్య పోయినప్పుడు రాములమ్మ ఒక్కటే అడిగింది. వాళ్ళాయన పనికి నడిచి పోతున్నాడు, సైకిల్ ఇస్తే ఆయనకీ పనికొస్తుంది, నాయిన యాదిగా తనకీ ఉంటుంది అని. దయాకర్ ఒప్పుకోలేదు. "నాయిన సైకిల్ నా దగ్గర ఉండనియ్యక్కా. ఎట్లున్నదట్లనే సూసుకుంట" అన్నాడు. తమ్ముడు అంతగా అడిగేసరికి ఆమె సరేనంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎట్లున్నదట్లనే ఉంచుతానన్న మనిషి మొదట సీటు మార్చాడు. నడుం నొప్పన్నాడు, న్యాయమే. తర్వాత కడ్డీ బ్రేకులు తీసి తీగ బ్రేకులు పెట్టించాడు. ఉప్పల్ చౌరస్తాలో బస్సుల మధ్య ప్రాణం ముఖ్యం కదా, అదీ న్యాయమే. ఆ తర్వాత చక్రాలు, పెడళ్ళు, హ్యాండిల్. ప్రతిసారీ ఒక కారణం, ప్రతి కారణమూ సబబే. ఒక్కో ముక్కా మారుతుంటే సైకిల్ తేలికవుతోంది, అతని మొహం వెలుగుతోంది. "కొత్తదే కొనుక్కోవచ్చుగా నాయనా?" అని నేనంటే, నాన్న సైకిల్ ఉండగా కొత్తదెందుకని నాకే సుద్దులు చెప్పేవాడు.

చివరికి గేర్ల మీద మనసు పడింది. మెట్రో పిల్లర్ కింద సైకిల్ దుకాణం పెట్టుకున్న కొమురెల్లి గేర్ల చక్రాన్ని పాత ఫ్రేములో పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"పట్టదు సార్. ఫ్రేము గూడ మార్వాలె. మార్తే ఇంక మిగిలేదేంది? దీన్ని గిట్లనే ఉంచుకోన్రి. ఇంకోటి కొత్తది కట్టిస్త, అది నడుపుకోన్రి."

"కొత్త సైకిల్ నాకెందుకయా? దీన్నే జర బాగుజెయ్యి."

అదీ అతని జబ్బు. రెండో సైకిల్ ఇంటికొస్తే అది కొన్నట్టు కనబడుతుంది. ఫ్రేము మారిస్తే బాగు చేయించినట్టే ఉంటుంది. అందుకని అల్యూమినియం ఫ్రేము తెప్పించాడు. అడ్డ కడ్డీ తిన్నగా ఉన్నదే వెతికి మరీ తెప్పించాడు. నల్ల రంగు కొట్టించి, బోర్డులు రాసే మనిషితో బంగారు గీతలు గీయించి, పాత ఇత్తడి బిళ్ళ ఊడదీసి దీనికి అంటించాడు. గంట మాత్రం అదే పాత గంట. పాత ఫ్రేము ఇంటికి తెస్తే ఉమ చూస్తుంది, చూస్తే అడుగుతుంది. అందుకని దుకాణంలోనే ఉంచమన్నాడు, తర్వాత తీసుకుపోతానన్నాడు. ఆ తర్వాత అటు వెళ్ళడానికే మొహం చెల్లలేదు. ఫ్లైఓవర్ పనుల్లో కొమురెల్లి దుకాణం ఎత్తేసి మేడిపల్లి వైపు పోతూ, ఎన్నాళ్ళుగానో మూలనున్న పాత ఇనుమంతా తుక్కు కొనేవాళ్ళ కాటాకి వేసేశాడు. అందులో ఆ ఫ్రేమూ పోయింది. ఫోన్‌లో ఆ మాట విన్న రోజు దయాకర్ అన్నం తినలేదు. ఎందుకని ఉమ అడిగితే కడుపులో బాలేదన్నాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం పొద్దున మేం కొందరం సైకిళ్ళు తొక్కుతాం. నాగోల్ దాకా వెళ్ళి, అటు నుంచి నాచారం పోయి చాయ్ తాగి వస్తాం. నేను బొజ్జ తగ్గుతుందని వెళ్తాను, అది తగ్గడం లేదు. మా జట్టు పెద్ద బసవరాజు గారు. గుంటూరాయన, పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్త, ఉత్సాహం ఎక్కువ. ఆయనకి దయాకర్ సైకిల్ అంటే ప్రాణం. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా "ఇది వాళ్ళ నాన్నగారి సైకిలండీ. చూడండి ఎంత శ్రద్ధగా కాపాడుకున్నాడో!" అని చూపించేవారు. దయాకర్ కాదనలేదు. కాదనకపోవడమే కాదు, ఒకరోజు చాయ్ దగ్గర సొట్ట కథ, మొదటి బొట్టు కథ, బిడ్డ కూర్చున్న జాగా కథ అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ కన్నీళ్ళు నిజమేనని నేను ఇప్పటికీ అంటాను. అదే అతనితో వచ్చిన చిక్కు.

బసవరాజు గారు ఊరుకుంటారా? దసరాకి నాచారం కమ్యూనిటీ హాల్లో జట్టు సైకిళ్ళన్నిటికీ ఆయుధపూజ అన్నారు. దయాకర్‌కి శాలువా అన్నారు. మొదటి బొట్టు రాములమ్మ గారి చేత పెట్టిద్దామన్నారు. దయాకర్ నోరు తెరిచేలోగా ఉమ దగ్గర నంబరు తీసుకుని తానే ఫోన్ చేసి పిలిచేశారు. ఆమె సంబరపడిపోయిందట.

పండగనాడు రాములమ్మ చెంగిచెర్ల నుంచి బస్సులో వచ్చింది. హాస్టల్లో వంట చేస్తుంది, ఆ రోజుకి సెలవు పెట్టుకుంది. తానే గుచ్చిన బంతిపూల దండ, పసుపు కుంకుమల డబ్బా తెచ్చింది. సైకిళ్ళన్నీ కడిగి వరసగా నిలబెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆమె ముందుగా తమ్ముడి సైకిల్‌కి దండ వేసి, దాని గంట కొట్టింది.

"నాయిన పనికాడి నుంచి వచ్చినట్టే ఉన్నది తమ్మీ" అంది.

దయాకర్ చిన్నగా తలూపాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. పొద్దున్నుంచి ఏమీ తిననందుకేమో అనుకున్నాను.

ఆమె బొటనవేలు కుంకుమలో అద్దుకుని, రెండో చేత్తో అడ్డ కడ్డీ తడిమింది. సీటు దగ్గర మొదలుపెట్టి హ్యాండిల్ దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కడ్డీ నున్నగా ఉంది, సొట్ట లేదు. ఈసారి మెల్లగా, అద్దం తుడిచినట్టు తడిమింది. బసవరాజు గారు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు, జట్టంతా చుట్టూ నిలబడి చూస్తోంది. భూమి బద్దలై అందులో కూరుకుపోతే బాగుండు అనిపించిందని దయాకర్ నాతో తర్వాత చెప్పాడు. అక్క ఒక్క మాటంటే చాలు, ఆ మాట పడితే తేలికవుతుందని కూడా అనిపించిందట.

రాములమ్మ తల ఎత్తి తమ్ముణ్ణి చూసింది. చూసి, కడ్డీ నడిమధ్యన వేలు ఆనించింది.

"ఆఁ, ఈడనే" అని బొట్టు పెట్టింది.

"చూశారా! ఎన్నేళ్ళయినా చేతికి గుర్తుంది!" అన్నారు బసవరాజు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. దయాకర్‌కి శాలువా కప్పారు. అది భుజం మీంచి జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ కప్పారు.

పూజయ్యాక ముగ్గురం బస్టాపు వైపు నడిచాం. దయాకర్ సైకిల్ ఎక్కకుండా నడిపించుకొస్తున్నాడు. నేను నా సైకిల్ హాల్లోనే వదిలి, రాములమ్మకి ఇచ్చిన పులిహోర డబ్బా పట్టుకున్నాను. స్టాపు దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది.

"తమ్మీ, ఆ సైకిల్ ఏడున్నది?"

"ఏ సైకిలక్కా?"

"నాయినది."

ఫ్రేము కూడా మారిపోయిందని అప్పుడు తెలిసింది నాకు. దయాకర్ ఇంకో అబద్ధానికి నోరు తెరిచాడు. "కొమురెల్లి దుకాణంల..." అని ఆగిపోయాడు.

"లేదక్కా. కాటాకు పోయింది."

"ఫ్రేము గూడనా?"

"ఫ్రేము గూడ."

నేను ఆమె తిడుతుందనుకున్నాను. నేనైతే బస్టాపని చూడకుండా తిట్టేవాణ్ణి. ఆమె బొటనవేలికి అంటిన కుంకుమ చూసుకుంటూ, చాలా మామూలుగా అంది.

"నిన్ను కొత్తది కొనుక్కోవద్దని నేనన్ననా? ఒక్కసారే కొత్తది కట్టించుకుంటే, పాతది నాకు మిగుల్తుండె గద తమ్మీ."

దయాకర్‌కి ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా తట్టలేదట. తట్టనందుకే ఎక్కువ సిగ్గుగా ఉందని తర్వాత నాతో అన్నాడు. అప్పుడు మాత్రం సంచిలోంచి పానా తీసి గంట విప్పడం మొదలుపెట్టాడు.

"ఇది నాయినదే అక్కా. ఇదన్న తీస్కపో."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి. కొత్త బండికి గూడ గంట గావాలె."

ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అన్నా బాగుండేది. బస్సు వచ్చింది. నా చేతిలో డబ్బా తీసుకుని, "పోయొస్తనన్నా" అని నాకు చెప్పి, తమ్ముడి భుజం మీద జారిన శాలువా సర్ది ఎక్కి వెళ్ళిపోయింది.

మేం ఉప్పల్ వైపు తిరిగాం. దయాకర్ సైకిల్ ఎక్కలేదు, నేనూ ఎక్కమనలేదు. దారిలో మా ఆదివారం చాయ్ హోటల్ ఉంది. బసవరాజు గారి వీడియో అప్పటికే అక్కడికి చేరింది. హోటలతను గబగబా బయటికొచ్చి, సెల్‌ఫోన్ పట్టుకుని సైకిల్ పక్కన నిలబడ్డాడు.

"సార్, శాలువ గప్పిన్రట! జర ఒక ఫోటో దీస్కుంట. మీ నాయిన సైకిల్‌ని మా పోరగాండ్లకు సూపియ్యాలె."

దయాకర్ శాలువా తీసి మడత పెట్టి, అడ్డ కడ్డీ మీద వేశాడు. బొట్టు దాని కింద కనబడకుండా పోయింది.

"మా నాయిన సైకిల్ లేదన్నా," అన్నాడు తల దించుకుని. "ఇది నాది. నేనే కొన్న."