ఎనిమిదో తరగతి కోసం రిలే దీక్ష

2011 జూన్‌ల నాకు బదిలీ మీద సిద్దిపేట నుంచి కోహెడకు పోయే తొవ్వల ఉన్న ఒక ఊరి ప్రాథమికోన్నత పాఠశాల వచ్చింది. ఒకటి నుంచి ఏడు దాకా తరగతులుండే బడిని అట్ల అంటరు. ఎనిమిది చదవాలంటే పిల్లలు బస్సెక్కి సిద్దిపేట హైస్కూలుకు పోవాలె. నేను స్కూల్ అసిస్టెంట్‌ను, సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. ఉన్నోళ్లల్ల సీనియర్‌ను గనుక ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్ బాధ్యత కూడా నా మీదనే పడ్డది. ఇన్‌చార్జి అంటే పని హెడ్‌మాస్టర్‌ది, జీతం టీచర్‌ది. ఊరి పేరు మాత్రం రాస్తలేను. ఈ ముచ్చటల ఉన్నోళ్లంత బాగనే ఉన్నరు, ఫోన్ చేసి నాతోని కొట్లాడే ఓపిక కూడా ఉన్నది.

నేను చేరిన మూడు నెలలకే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. టీచర్లం మేము కూడ దిగినం, బడికి తాళం పడ్డది. సమ్మె అయినంక, పోయిన పనిదినాలను ఆదివారాలు, రెండో శనివారాలు బడి నడిపి పూడ్చాలన్నరు. మొదటి ఆదివారం నాడే ఏడో తరగతి మమత లేచి నిలబడ్డది. "సమ్మె మీరు చేసిన్రు టీచర్, ఆదివారాలు మాయి పోతున్నయేంది?" అని అడిగింది. హెడ్‌మిస్ట్రెస్‌లకు జవాబు లేనప్పుడు ఏం చేస్తరో అదే చేసిన. కూసో అన్న.

ఈ మమత మా బడి వార్తల పిల్ల. పొద్దున ప్రార్థనల ప్రతిజ్ఞ అయినంక ఒకరు వార్తలు చదువుడు అన్ని బడులల్ల ఉన్నదే. చాన చోట్ల పేపర్ల హెడ్డింగులు చదివి చేతులు దులుపుకుంటరు. నేను మాత్రం ఎక్కడ పనిచేసినా బడి వార్తలు, ఊరి వార్తలు కూడ చేర్పించేదాన్ని. నియమం ఒక్కటే పెట్టిన. చదివే ముందు నాకు చూపించాలె. ఇద్దరు సాక్షులుంటే అది వార్త, లేకుంటే ఉత్త ముచ్చట. మమత ఆ నియమాన్ని నాకంటే గట్టిగ పట్టుకున్నది. టీవీల వాళ్ల లెక్క కాయితాలను బల్ల మీద టకటక కొట్టి, మెడ కొంచెం వంచి చదివేది. పక్కన రెండో గొంతు ఆస్మాది. ఆస్మా వాళ్ల అబ్బ ఆటో నడిపేటోడు. ఇద్దరు ఒకే బెంచి, ఒకే టిఫిన్ డబ్బ, ఒకే కొట్లాట.

వార్షికోత్సవం ఏప్రిల్‌ల, పరీక్షలయినంక, బడి మూసే ముందర పెట్టుకున్నం. దాంట్ల డాన్సులు, బహుమతులు అన్ని ఉంటయి గాని, ఊరంత ఎదురు చూసేది 'ఏడాది వార్తలు' కోసమే. ఏడో తరగతి పిల్లలు పోతపోత బడి మీద చదివే వార్తలవి. టీచర్లకు అదంటే దడ. ఆ ఏడాది నా ముందరికొచ్చిన కాయితంల ఏమున్నదో చూడున్రి: "లెక్కల సార్ స్కూటర్ ఈ సంవత్సరం కూడా తోస్తేనే నడిచింది. తోసిన వాళ్లకు లెక్కలల్ల మార్కులు కలువలేదు." దాని కింద: "హెడ్ మేడం 'ఆఖరుసారి చెప్తున్న' అని సంవత్సరమంత చెప్పిన్రు. ఆఖరుసారి ఇంకా రాలేదు." సాక్షులెవరు అని అడిగిన. మమత బడి మొత్తం వైపు చెయ్యి చూపింది. సంతకం పెట్టిన, ఇంకేం చేస్త!

ఇక మమత వాళ్ల బాపు సంగతి. పేరు మల్లేశం. బస్ స్టాప్ కాడ టైలర్ దుకాణం. దుకాణానికి ఎదురుంగనే ఉద్యమ టెంటు. మల్లేశం ఊరి ఉద్యమ కమిటీ కన్వీనర్. మంచి మనిషి. మైకు దొరికితే ఇంకా మంచి మనిషి. ఆ టెంటుల రిలే నిరాహార దీక్ష ఎన్నడు మొదలైందో ఎవరికీ యాదికి లేదు. రిలే దీక్ష అంటే రోజుకొక జట్టు కూసుంటది. పొద్దున ఇంట్ల తిని వస్తరు, సాయంత్రం ఎవరన్న పెద్దమనిషి నిమ్మరసం తాపిస్తే లేస్తరు. నడుమ కుల సంఘాలు, ఆటో సంఘాలు, మహిళా సంఘాలు దండలు పట్టుకొచ్చి సంఘీభావం చెప్పిపోతయి.

మార్చిల మల్లేశం ఆఫీసు గదికొచ్చిండు. "రాష్ట్రం రాకుంట సంబురాలేంది మేడం?" అన్నడు. సంబురం కాదు, ప్రభుత్వం చేయమన్న కార్యక్రమం అని చెప్పిన. "ఏ ప్రభుత్వం?" అని అడిగిండు. ఆఖరికి ఉద్యమ పాటల మీద రెండు డాన్సులు, ఒక బతుకమ్మ, స్టేజి మీద ముందు వరుసల మల్లేశానికి ఒక కుర్చీ అనే ఒప్పందం మీద సంధి కుదిరింది.

పోతుంటే ఆపి, మమత టీసీ ఏ హైస్కూలుకు రాయాలని అడిగిన. టీసీ అంటే బదిలీ పత్రం. అది రాసిస్తేనే పిల్ల పై బడిల చేరుతది. మల్లేశం దస్తీతోని మొఖం తుడుసుకున్నడు. "ఏడు సాలు మేడం. దుకాణంల కాజాలు కుడ్తది, గుండీలు పెడ్తది. సిద్దిపేటకు పంపుదమంటే బస్సులను నమ్మేటట్టు లేదు. ఎప్పుడు నడుస్తయో, ఎప్పుడు బందయితయో!"

నాకు ఒళ్లు మండింది. "బందు చేసేది ఎవరు మల్లేశం? మీరే కద!" అన్న.

"అది వేరు మేడం," అన్నడు. కొంచెం సేపు చెవి గోక్కొని, "ఇంట్ల అందరితోని మాట్లాడాలె. ఏకాభిప్రాయం రావాలె కద," అన్నడు.

నాకు నవ్వు ఆగలేదు. రెండేండ్ల సంది ఢిల్లీ వాళ్లు మాకు చెప్తున్న మాట అక్షరం పొల్లు పోకుండ అదే. టీవీల ఆ మాట వినవడితే చాలు, దిష్టిబొమ్మకు అంగీ కుట్టిచ్చేది ఈ మల్లేశమే. నేను నవ్విన గాని, హాజరు పట్టీ ఇయ్యనీకి వచ్చి గడప కాడ నిలబడ్డ మమత నవ్వలేదు. పట్టీ బల్ల మీద పెట్టి పోయింది.

పరీక్షలు ఒడిసిన మర్నాడు, ఒంటిపూట బడి అయి నేను బస్సు కోసం పోతే, టైలర్ దుకాణం అరుగు మీద చాప పరిచి ఉన్నది. దాని మీద మమత, ఆస్మా, ఇంకిద్దరు ఏడో తరగతి పిల్లలు. ఎనుక అట్టముక్క మీద 'ఎనిమిదో తరగతి మా హక్కు' అని రంగు పెన్నుతోని రాసున్నది. దుకాణం లోపల మల్లేశం తల ఎత్తకుంట మిషన్ తొక్కుతున్నడు.

పిల్లలు బడిల అన్నం తినకుంటనే వచ్చిన్రని తెలిసి నాకు కోపం ఆగలేదు. మధ్యాహ్న భోజనానికి బాధ్యురాలిని నేను. గింత పిల్లలు కడుపు మాడ్చుకునుడేందని అక్కడ్నే గట్టిగ అరిసిన. ఆస్మా మాత్రం చల్లగ చెప్పింది. "ఇది రిలే టీచర్. పొద్దుగాల రొట్టె తిన్న, రాత్రి తింట. మల్లేశం చాచా ఎదురుంగ టెంటుల కూసొని ఏం చేస్తడో మేం గదే చేస్తున్నం." మిషన్ చప్పుడు ఆగింది. మళ్ల నడిచింది.

చర్చలు జరిగినయి. నా షరతు, బడిల అన్నం తిన్నంకనే దీక్షకు కూసోవాలె. వాళ్ల షరతు, నేను లేపొద్దు. అన్నం తిన్నంక మొదలయ్యే నిరాహార దీక్ష ఇంకోటి ఎక్కడన్న ఉన్నదో లేదో నాకు తెల్వదు. అయితే పిల్లల పట్టుదల తక్కువది కాదు. ఎండల పుల్ల ఐస్ బండి వచ్చి చాప ముందరనే ఆగి గంట కొట్టేది. ఒక్కరు కూడ అటు చూడలేదు. టెంటుల కూసున్న పెద్దోళ్లు మాత్రం చూసిన్రు.

మర్నాటి నుంచి సంఘీభావాలు మొదలైనయి. ముందు ఆస్మా వాళ్ల అబ్బ ఆటో సంఘాన్ని పట్టుకొచ్చిండు. తర్వాత టెంటుల ముసలోళ్లు రోడ్డు దాటి వచ్చి, మీది మాది ఒక్కటే పోరాటం బిడ్డా అని దండలేసి పోయిన్రు. ఆ దండలు మల్లేశం దుకాణం ముందర ఏసుడంటే మల్లేశానికి ఎట్లుంటదో ఆలోచించున్రి. అసలు దెబ్బ మహిళా సంఘం కొట్టింది. వాళ్లు సహాయ నిరాకరణ ప్రకటించిన్రు. ఎనిమిదో తరగతి సంగతి తేలేదాక మల్లేశానికి ఒక్క జాకెట్ కూడ కుట్టనీకి ఇయ్యం అన్నరు. అవి పెండ్లిండ్ల రోజులు.

అప్పటికీ మల్లేశం ఒప్పుకోలేదు. ఇంట్ల ఏం మాట్లాడిండో నాకు తెల్వదు గాని, ఒకనాడు బడికొచ్చి తక్కువ గొంతుతోని తన బాధ చెప్పిండు. పిల్ల పొద్దుగాల పోయి, నడుమల బస్సు బందయి, చీకటి పడ్డా రాకుంటే తను ఎవర్ని అడగాలె? బందు పిలిచినోన్ని అడగాలంటే అద్దంల చూసుకోవాలె. ఆ మాట అన్నప్పుడు అతని మొఖంల ఎగతాళి లేదు, భయమే ఉన్నది. అంతసేపు అతన్ని మొండిమనిషి అనుకున్నందుకు నాకు సిగ్గనిపించింది. మొండితనం గూడ ఉన్నది, అది వేరే సంగతి.

వార్షికోత్సవం ముందు రోజు మమత, ముందుగాల చెప్పిన ఆ ఏడాది వార్తల కాయితం తెచ్చింది. ఆఖరు వార్త జాగ ఖాళీ. అదేందని అడిగితే, "ఇంక రాలేదు టీచర్. రానిది రాస్తే ముచ్చటయితది," అన్నది. ఖాళీ జాగ కిందనే నేను సంతకం పెట్టిన.

మర్నాడు సాయంత్రం బడి ముందర ఊరంత కూసున్నది. డాన్సులయినయి. మల్లేశం ముందు వరుస కుర్చీల కొత్త తెల్లంగి ఏసుకొని కూసున్నడు. ఏడాది వార్తలు మొదలైనయి. స్కూటర్‌కు నవ్విన్రు, నా ఆఖరుసారికి ఇంకా ఎక్కువ నవ్విన్రు. మమత కాయితాలు టకటక కొట్టి, మెడ వంచి, ఆఖరు వార్త అన్నది.

"ఎనిమిదో తరగతి మీద చర్చలు నడుస్తున్నయి. ఏకాభిప్రాయం రావాలని ఇంటి పెద్ద ప్రకటించిన్రు. దాని ప్రకారం అందరినీ అడిగినం. అమ్మ సరే అన్నది. నాయినమ్మ సరే అన్నది. తమ్మునికి లంచం కింద పుల్ల ఐస్ ఇయ్యాల్సి వచ్చింది, వాడు కూడ సరే అన్నడు. ఇంక ఒక్కరే మిగిలిన్రు." ఆస్మా అందుకున్నది. "వారు ప్రస్తుతం స్టేజి మీద, ముందు వరుసల ఉన్నరు."

జనం గొల్లుమన్నరు. మల్లేశం లేచిండు, మైకు అందుకున్నడు. మైకు చేతికొచ్చినంక మాట రాని మల్లేశాన్ని ఊరు మొదటిసారి చూసింది. గొంతు సవరించుకొని, "ఎనిమిదో తరగతి ఇచ్చే ప్రక్రియ మొదలు పెడ్తం..." అన్నడు.

అంతే. మహిళా సంఘం మొత్తం లేచి నిలబడ్డది. 2009 డిసెంబర్ల ఢిల్లీ నుంచి రాష్ట్రం మీద అసొంటి మాటనే విని పటాకులు కాల్చి, రెండు వారాలకే అది ఎనుకకు పోతే ఏడ్చినోళ్లు వాళ్లు. "ప్రక్రియ గిక్రియ వద్దు! తారీఖు చెప్పు మల్లేశం!" అని అరిసిన్రు. తారీఖు, తారీఖు అని ఊరంత చప్పట్లు కొట్టింది.

మల్లేశం బిడ్డ దిక్కు చూసిండు. "బళ్లు తెరిసిన నాడు," అన్నడు. తర్వాత మైకు పక్కన పెట్టి, ఆస్మా అందించిన నిమ్మరసం గిలాస తీసుకొని మమతకు తాపిచ్చిండు. మమత కళ్లు తుడుసుకొని, రెండు గుక్కలు తాగి, మళ్ల మైకు ముందరికొచ్చి "ఇంతటితో వార్తలు సమాప్తం" అని చెప్పింది. నేను నవ్వుకుంటనే ఏడ్చిన. మర్నాడే టీసీ రాసిచ్చిన.

జూన్‌ల బళ్లు తెరిచిన నాడు నేను సిద్దిపేట నుంచి వస్తున్న బస్సు ఊరి మొగదల, బస్ స్టాప్‌కు ఇవతల్నే ఆగింది. రాస్తా రోకో. దిగి చూస్తే రోడ్డు నడుమ కమిటీ కూసున్నది, ముందర మల్లేశం. అవతల సిద్దిపేట పోయే బస్సు కూడ నిలబడ్డది. దాని పక్కన మమత, ఆస్మా. ఒంటి మీద బాపు కుట్టిన కొత్త యూనిఫాం. ఇచ్చిన తారీఖు నాడే, ఇచ్చినోడే తొవ్వకు అడ్డం కూసున్నడు!

మమత ఏడువలేదు, అరువలేదు. రోడ్డు మీదికొచ్చి బాపు ముందర నిలబడ్డది. చేతిల కాయితాలు లేకున్నా, పుస్తకాల సంచి మీద టకటక కొట్టి, మెడ వంచింది.

"వార్తలు చదువుతున్నది మమత. ఇయ్యాల బళ్లు తెరిచిన్రు."

మల్లేశం లేచి, కండువా దులుపుకొని, దుకాణం పక్కనున్న తన మోపెడ్ తీసిండు. ఇద్దరు పిల్లలను ఎక్కిచ్చుకున్నడు. కమిటీ పోరలు బండికి అడ్డం నిలబడి, "కన్వీనర్ సాబ్, రాస్తా రోకో!" అని యాది చేసిన్రు. "దవాఖాన బండిని ఇడుస్తం కద? బడి బండిని కూడ ఇడుస్తం. ఇయ్యాల్టి సంది గిదే రూలు," అన్నడు. తను పిలిచిన రాస్తా రోకోను తనే దాటుకుంట పోయిండు. ఎనుక బస్సు డ్రైవర్ బడిపిల్లలున్నరని చెప్పి ఇంజన్ స్టార్ట్ చేసిండు. దాన్ని కూడ ఇడిసిన్రు.

ఆ ఊర్ల రాస్తా రోకోలు తర్వాత కూడ జరిగినయి. ఆ రూలు మాత్రం ఉన్నది.

ఉద్యోగంల నేను ఎందరో తల్లిదండ్రుల దగ్గర పిల్లల చదువు కోసం మాట తీసుకున్న. మాట ఇచ్చిన్రని సంతోషపడి ఇంటికి పోయేదాన్ని. మాట తీసుకునుడు సగం పనే. ఆ తారీఖు నాడు పోయి వాళ్ల ముందర నిలబడుడు మిగతా సగం. ఆ సంగతి నాకు నా ఏడో తరగతి పిల్ల నేర్పింది. తర్వాత నేను రిటైరయ్యేదాక ప్రతి జూన్‌ల బళ్లు తెరిచిన నాడు, నా బడికి పోయే ముందర, బస్ స్టాప్‌ల నిలబడి ఏడు దాటినోళ్లు ఎవరెక్కిన్రో, ఎవరెక్కలేదో చూసుకున్న. ఎక్కనోళ్ల ఇంటికి అదే రోజు పోయిన.