మోటారు లేని చెయ్యి

పట్టిన పట్టు వదలదని యూనివర్సిటీలో అందరూ ఆమెను ఉడుం అనేవారు. చెయ్యి పోగొట్టుకున్న వాళ్లకు కృత్రిమ హస్తం తయారు చేయడం ఆమె పరిశోధన. కండరాల కదలికను పసిగట్టి, కోడిగుడ్డును కూడా పగలకుండా పట్టుకునే హస్తాన్ని ఏళ్ల తరబడి కష్టపడి చేసింది. అది పనిచేసిన రోజు ప్రొఫెసర్ "శభాష్ తల్లీ!" అన్నాడు. వెంటనే దానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో ఆయన పేరుంది, ఆయన అల్లుడి పేరుంది. ఆమె పేరు లేదు.

వెళ్లి అడిగింది.

"నువ్వు బిగించావమ్మా, ఆలోచన నాది. ఇల్లు కట్టినంత మాత్రాన మేస్త్రీదైపోతుందా?" అన్నాడాయన, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఫిర్యాదు చేసింది. విచారణ కమిటీలో ఉన్నవాళ్లంతా ఆయన స్నేహితులే. టీ తాగి, నవ్వుకుంటూ లేచిపోయారు.

"పోనీలేవే, ఇంకెక్కడైనా ఉద్యోగం చూసుకో" అంది అక్క.

"వాడి పొయ్యిలో పిల్లి పడుకోవాలక్కా. అది కళ్లారా చూశాకే కదులుతాను."

మామా అల్లుళ్లు కంపెనీ పెట్టి, మామూలు జనం కొనలేని ధరకు ఆ హస్తాన్ని అమ్మసాగారు. ఆమె యూనివర్సిటీ నేలమాళిగలోని వర్క్‌షాపులో ఓ మూల చోటు సంపాదించి, పేటెంటుకు అందని దారి పట్టింది. ఈ కొత్త హస్తానికి మోటారు లేదు, బ్యాటరీ లేదు. భుజం కదిపితే తీగ లాగుతుంది, వేళ్లు ముడుచుకుంటాయి. తీగలు తెగేవి, కీళ్లు విరిగేవి. విసుగొచ్చినప్పుడల్లా పార్కింగులోకి వెళ్లి ప్రొఫెసర్ కొత్త కారును కాసేపు చూసి వచ్చేది. మళ్లీ ఓపిక పుట్టుకొచ్చేది.

హస్తం పూర్తయ్యాక డిజైన్ మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసింది. ఏ లేతు షాపులోనైనా చవగ్గా చేయించుకోవచ్చు. కంపెనీకి ఆర్డర్లు ఆగిపోయాయి. అల్లుడు మామను తిట్టుకుంటూ తప్పుకున్నాడు. చివరికి షట్టరు పడింది.

ఒక మధ్యాహ్నం ప్రొఫెసర్ మెట్లు దిగి వర్క్‌షాపుకు వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"నా నోటి దగ్గర కూడు లాగేశావు."

"అవును సార్. కావాలనే."

"నీకేం మిగిలింది?"

"మిమ్మల్ని ఇలా చూడ్డం మిగిలింది."

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. అన్నం తెచ్చిన అక్క తలుపు దగ్గరే నిలబడి అంతా వింది.

"ఎంతమందికి మేలు చేశావో నీకు తెలుసా?"

"మేలు చేద్దామని చెయ్యలేదక్కా, పగతో చేశాను. నా పేరు పెట్టి ఉంటే ఈ చెయ్యి పుట్టేదే కాదు."

"సరే, పగ తీరింది కదా. ఇక తిను."

"పేటెంటులో ఇంకా వాడి పేరే ఉంది. రేపు లాయర్ని కలుస్తున్నా" అంటూ ఆమె చేతులు కడుక్కోవడానికి లేచింది.